ఒక సీజన్ మిగిలింది, మాస్టర్స్‌కి రెండేళ్లు: ఒక గ్రాడ్ ట్రాన్స్‌ఫర్ కేసు

అమెరికా కాలేజీ ఆటల్లో డిగ్రీ పూర్తయ్యాక కూడా ఆడే అర్హత మిగిలిపోయే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లు ఇంకో యూనివర్సిటీకి మారి, అక్కడ మాస్టర్స్‌లో చేరి, మిగిలిన ఏడాదో రెండేళ్లో ఆడుకోవచ్చు. దీన్నే గ్రాడ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. పేపర్లలో దీని గురించి వచ్చేదంతా ఏ టీమ్ ఎవరిని లాక్కుంది, ఎవరు ఎంత డబ్బు ఇచ్చారు అనే గోలే. నేను పనిచేసేది క్రీడాకారుల చదువు చూసే విభాగంలో కాబట్టి నా బల్ల మీదకి వచ్చేది రెండో సగం: చేరిన ఆ మాస్టర్స్ ఏమైంది, ఎవరు కట్టారు, పూర్తయిందా, ఆగిపోయిందా.

ఇక్కడ రాస్తున్నది ఒక టెన్నిస్ అమ్మాయి కేసు. హైదరాబాద్ పిల్ల, నాలుగేళ్లు మా యూనివర్సిటీలోనే ఆడింది, నేనే తన అడ్వైజర్‌ని. ఆ అమ్మాయి, వాళ్ల నాన్నగారు ఇద్దరూ సరే అన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, స్కూళ్ల పేర్లు చెప్పను. మన ఊళ్ల నుంచి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద ఇక్కడికి రావడం కొత్తేం కాదు. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు, అంతకుముందు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియాకి ఆడి 2007, 2008లో వరసగా రెండుసార్లు కాలేజీ సింగిల్స్ టైటిల్ కొట్టాడు. ఆ దారిన వచ్చే పిల్లలు ఇప్పుడు ఇంకా ఎక్కువయ్యారు. వాళ్ల అమ్మానాన్నలకి కోచ్ చెప్పే మాట తప్ప మరో వైపు నుంచి చెప్పేవాళ్లు దొరకడం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ అమ్మాయి 2019 ఆగస్టులో చేరింది. డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయిలో, అప్పటి లెక్క ఏమిటంటే కాలేజీలో చేరిన రోజు నుంచి ఐదేళ్ల గడియారం మొదలవుతుంది, ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల స్ప్రింగ్ ఆటలన్నీ మధ్యలో ఆగిపోయాయి కాబట్టి కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఆ సీజన్‌ని లెక్కలోంచి తీసేసి పిల్లలకి తిరిగి ఇచ్చింది. దాంతో 2023 మేలో స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పట్టా తీసుకునే సమయానికి తనకి ఇంకొక సీజన్ మిగిలింది. జీపీఏ 3.5కి దగ్గరగా ఉంది, ఆటలో మా టీమ్‌కి మూడో నంబర్ సింగిల్స్. మా కోచ్‌కి తను ఉండాలనే ఉంది, కానీ అప్పట్లో మహిళల టెన్నిస్‌కి స్కాలర్‌షిప్‌లు ఎనిమిదే, ఆ ఎనిమిదీ కొత్తగా వచ్చే పిల్లలకి ముందే మాట ఇచ్చేశారు. కోవిడ్ ఏడాది తెచ్చిన చిక్కు ఇదే: అర్హత అందరికీ తిరిగి వచ్చింది, ఆ అర్హతకి తగ్గ డబ్బు మాత్రం చాలా టీమ్‌లకి పెరగలేదు.

తను సీజన్ అయిపోగానే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే స్కూల్ మారాలనుకునే ఆటగాళ్ల ఆన్‌లైన్ జాబితాలో, పేరు పెట్టించుకుంది. 2018 అక్టోబర్‌లో ఈ పోర్టల్ వచ్చినప్పటి నుంచి పద్ధతి సులువైంది, అంతకుముందైతే వేరే కోచ్‌తో మాట్లాడాలన్నా సొంత స్కూల్ అనుమతి ఇవ్వాలి. పేరు ఎక్కిన వారం లోపే ఫోన్లు మొదలయ్యాయి. చివరికి మిగిలినవి నాలుగు దారులు.

మొదటిది మా దగ్గరే ఉండిపోవడం. ఎంఎస్ స్టాటిస్టిక్స్‌లో సీటు ఇస్తామన్నారు, డిపార్ట్‌మెంట్ వాళ్లకి తనంటే ఇష్టం, కానీ టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌లు (బోధనలో సాయం చేస్తే ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇచ్చే పనులు) ఫిబ్రవరిలోనే పంచేశారు. అంటే రెండేళ్ల ఫీజూ నాన్నగారి జేబులోంచే. రెండోది ఒక పెద్ద కాన్ఫరెన్స్‌లో (యూనివర్సిటీ టీమ్‌ల లీగ్‌లో) ఉన్న పేరున్న యూనివర్సిటీ: పూర్తి స్కాలర్‌షిప్, ఫీజు, ఇల్లు, తిండి, చేతి ఖర్చులు అన్నీ, కానీ ఒక ఏడాదికి. అక్కడి డేటా సైన్స్ ప్రోగ్రాం గడువు జనవరిలోనే ముగిసింది కాబట్టి కోచ్ స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌లో చేర్పిస్తామన్నాడు, అందులో జూలై దాకా తీసుకుంటారు. మూడోది దక్షిణాన ఒక చిన్న యూనివర్సిటీ: అప్లైడ్ స్టాటిస్టిక్స్ మాస్టర్స్, 36 క్రెడిట్లు, మొదటి ఏడాది టెన్నిస్ స్కాలర్‌షిప్ కింద ఫీజు మొత్తం, ఇంటి ఖర్చులో కొంత, రెండో ఏడాది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ "చూస్తాం" అన్నారు. నాలుగోది ఆట ఆపేసి ఓపీటీ మీద, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పని చేయనిచ్చే అనుమతి మీద, ఉద్యోగం వెతుక్కోవడం.

వాళ్ల నాన్నగారు వాట్సాప్‌లో ఫోన్ చేశారు. ఆయన వాదన సూటిగా ఉంది: "మేడం, పెద్ద యూనివర్సిటీ, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఆ పేరు చూస్తేనే ఉద్యోగం ఇస్తారు కదా. ఇందులో ఆలోచించడానికి ఏముంది?" తప్పు పట్టాల్సిన మాట కాదు. నాలుగేళ్లు కూతురి రాకెట్లకి, టికెట్లకి, సెలవుల ఖర్చులకి ఆయన ఎంత పెట్టారో నాకు తెలుసు. కోచ్ ఆదివారం లోపల చెప్పమన్నాడు, లేదంటే ఇంకో అమ్మాయి రెడీగా ఉందన్నాడు.

నేను ఆయన్ని అడిగింది ఒక్కటే: "సార్, 2024 మేలో సీజన్ అయిపోతుంది. ఆ జూన్‌లో మీ అమ్మాయి ఎక్కడ ఉంటుంది, ఫీజు ఎవరు కడతారు?"

గ్రాడ్ ట్రాన్స్‌ఫర్‌లో గొడవంతా అక్కడే ఉంది. ఆట ఒక ఏడాదిలో అయిపోతుంది, మాస్టర్స్ మామూలుగా రెండేళ్లు పడుతుంది. స్కాలర్‌షిప్ కాగితం మీద కాలం ఒక అకడమిక్ ఇయర్ అని ఉంటే, ఆ మే తర్వాత స్కూల్‌కి చట్టపరంగా ఏ బాధ్యతా లేదు, ఎందుకంటే ఆ పిల్ల ఇక వాళ్ల టీమ్‌కి ఆడలేదు. సగం చదువు, పూర్తి ఫీజు, కొత్త ఊరు. ఇక్కడి పిల్లలైతే అప్పుడు చదువు వదిలేసి ఇంటికి వెళ్లి ఉద్యోగం చూసుకుంటారు, నష్టమే కానీ తట్టుకోగలరు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్న పిల్లకి ఆ వెసులుబాటు లేదు.

మన పిల్లలకి ఓపీటీ గురించి అంతా తెలుసు అనుకుంటాం కానీ ఈ మూల ఎవరూ చూడరు. డిగ్రీ అయ్యాక ఓపీటీకి అప్లై చేసే గడువు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు మొదలై, ముగిసిన 60 రోజులకి ఆగిపోతుంది. ఆ కిటికీలో అప్లై చేయకుండా మాస్టర్స్‌లో చేరితే బ్యాచిలర్స్ స్థాయి ఓపీటీ పోయినట్టే. పర్వాలేదు, మాస్టర్స్ పూర్తయితే ఆ స్థాయికి మళ్లీ కొత్తగా 12 నెలలు వస్తుంది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు. కానీ మాస్టర్స్ మధ్యలో ఆపేస్తే? బ్యాచిలర్స్‌ది పోయింది, మాస్టర్స్‌ది రాలేదు. ఒక్క సీజన్ టెన్నిస్ కోసం మూడేళ్ల ఉద్యోగ అవకాశం పోతుంది. స్టాటిస్టిక్స్ స్టెమ్ జాబితాలో ఉన్న సబ్జెక్టు, తను డిగ్రీతోనే 36 నెలలు పని చేయగలిగే స్థితిలో ఉంది. అలాంటి పిల్లని ఒక ఏడాది డబ్బు చూపించి స్టెమ్ జాబితాలో లేని స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌లో చేర్పిస్తే, పూర్తి చేసినా ఆ మాస్టర్స్ మీద దక్కేది 12 నెలలే.

ఇదంతా చెప్పాక నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కోచ్ ఇవేవీ చెప్పలేదే" అన్నారు. కోచ్‌కి తెలియదు కూడా, తెలియాల్సిన పని అతనికి లేదు. ఆ కోచ్ చెడ్డవాడని నేను అనను, అతని పని టీమ్ నింపడం, అతను దాన్ని బాగా చేస్తున్నాడు. అయితే మన వైపు కూడా ఒకరు కూర్చుని లెక్క వేయాలి.

ఈ గ్రాడ్ ట్రాన్స్‌ఫర్ నిబంధన మొదట ఎందుకు పుట్టిందో కొంచెం చెప్పాలి. త్వరగా డిగ్రీ పూర్తి చేసిన పిల్లలకి, తమ స్కూల్లో లేని పై చదువు చదువుకోవడానికి వేరే చోటికి వెళ్తే ఆట ఆగిపోకూడదు అనేది అసలు ఉద్దేశం. 2006లో ఎన్‌సీఏఏ దీన్ని ఆమోదించింది, ఆటగాళ్ల వేలం అయిపోతుందన్న భయంతో 2007 జనవరిలో స్కూళ్లే ఓటు వేసి కొట్టేశాయి, తర్వాత ప్రత్యేక మినహాయింపు రూపంలో వెనక్కి వచ్చింది. 2010లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జెరమయా మసోలి ఒరెగాన్ నుంచి ఓల్ మిస్‌కి (మిసిసిపీ యూనివర్సిటీకి) వెళ్లినప్పుడు ఒరెగాన్‌లో లేని ప్రోగ్రాం కావాలి కాబట్టి పార్క్స్ అండ్ రిక్రియేషన్ మాస్టర్స్‌లో చేరాడు. ఎన్‌సీఏఏ మొదట కుదరదంది, అప్పీల్‌లో ఒప్పుకుంది. తర్వాతి ఏడాదే ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడు రస్సెల్ విల్సన్ నార్త్ కరోలినా స్టేట్‌లో డిగ్రీ పూర్తి చేసి విస్కాన్సిన్‌కి మారాడు, ఒక్క సీజన్ ఆడి టీమ్‌ని రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ దాకా తీసుకెళ్లాడు, అక్కణ్నుంచి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కోచ్‌లందరికీ ఈ దారి కనిపించింది.

ఫుట్‌బాల్‌లోనే జో బరో కథ అందరూ చెప్తారు: ఒహాయో స్టేట్‌లో డిగ్రీ, 2018లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి), 2019లో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ, 2020 జనవరిలో జాతీయ టైటిల్. కానీ అతనికి ఎల్‌ఎస్‌యూలో రెండు సీజన్లు దొరికాయన్న సంగతి ఎవరూ ఎత్తరు. రెండు సీజన్లు, రెండేళ్ల చదువు, రెండేళ్లూ స్కాలర్‌షిప్. లెక్క సరిపోయింది. ఒక్క సీజనే మిగిలిన పిల్లలు బరో పేరు చెప్పి నా దగ్గరికి వస్తే, ముందు ఈ తేడానే చూపిస్తాను.

మళ్లీ మన కేసుకి వస్తాను. ఆ వారం నేను, ఆ అమ్మాయి కలిసి కూర్చుని మూడు స్కూళ్ల నుంచి కొన్ని కాగితాలు తెప్పించాం. గ్రాడ్యుయేట్ ప్రోగ్రాం హ్యాండ్‌బుక్. గత రెండేళ్లలో ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు ఏ రోజు ఏ టైమ్‌కి పెట్టారో ఆ టైమ్‌టేబుల్. ఐ-20 (విద్యార్థి వీసా కోసం స్కూల్ ఇచ్చే పత్రం) మీద వేసే సీఐపీ కోడ్, అంటే సబ్జెక్టుని గుర్తించే నంబర్, ఎందుకంటే కోర్సు పేరు కాదు, ఆ కోడే స్టెమ్ అవునా కాదా తేలుస్తుంది. టీమ్‌లో తిరిగి వచ్చే ఆటగాళ్లు ఎవరెవరు అనేది కూడా అడిగించాను, అది నా విభాగం కాకపోయినా. పెద్ద స్కూల్లో మొదటి ఐదుగురూ తిరిగి వస్తున్నారు. కాలేజీ టెన్నిస్ మ్యాచ్‌లో సింగిల్స్ ఆడేది ఆరుగురు. అంటే తను ఆరో స్థానం కోసం ఇంకో ముగ్గురితో పోటీ పడాలి. చిన్న స్కూల్లో రెండో నంబర్ ఖాయం. ఆ అమ్మాయి ముఖం మారింది అక్కడే, ఓపీటీ లెక్క విన్నప్పుడు కాదు. "ఆంటీ, నేను ఆడటానికే కదా వెళ్తున్నది. బెంచ్ మీద కూర్చోవడానికి స్కూల్ మారాలా?" అంది.

నాలుగో దారి, ఉద్యోగం, కూడా గట్టిగానే ఆలోచించాం. 2023 వేసవిలో టెక్ కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న రోజులు, కొత్త డిగ్రీతో అంతర్జాతీయ విద్యార్థికి పిలుపులు రావడం కష్టంగా ఉంది. పైగా తనకి ఇంకొక ఏడాది ఆడాలని ఉంది. ఇరవై రెండేళ్ల పిల్లకి ఆట మీద ఉన్న ఆ ఆశని చదువు పేరు చెప్పి కొట్టిపారేసే అడ్వైజర్లని చూశాను. నాకు అది నచ్చదు. పదేళ్లుగా పొద్దున్నే ఐదింటికి లేచి కోర్టుకి వెళ్లిన పిల్లకి చివరి సీజన్ విలువ ఎంతో మనం లెక్క కట్టలేం. మనం చేయగలిగింది, ఆ సీజన్ వెనక చదువు పాడవకుండా చూడటం.

చిన్న స్కూల్‌నే ఎంచుకుంది. కానీ సంతకానికి ముందు ఒక పని చేయించాను. రెండో ఏడాది అసిస్టెంట్‌షిప్ "చూస్తాం" అన్న మాటని కాగితం మీదకి తెప్పించాలి. కోచ్ మంచి మనిషి, "మా డైరెక్టర్ చూసుకుంటారు, టెన్షన్ పడకు" అన్నాడు. కోచ్‌లు మారిపోతారు, డైరెక్టర్లు కూడా మారిపోతారు. గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి ఉత్తరం కావాలని అడగమన్నాను: ఫీజులో ఎంత మాఫీ, నెలకి ఎంత, వారానికి ఎన్ని గంటలు, ఏ జీపీఏ కంటే తగ్గితే పోతుంది. ఎఫ్-1 వాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు కాబట్టి ఆ అంకె కూడా రాసి ఉండాలి. అడగడానికి ఆ అమ్మాయి చాలా మొహమాటపడింది. మన పిల్లలకి ఇదొకటి: ఇస్తామన్నవాళ్లని కాగితం అడిగితే అవమానించినట్టు అనుకుంటారు. అడిగింది. మూడు వారాలు పట్టింది, వచ్చింది. ఫీజు పూర్తి మాఫీ, తొమ్మిది నెలల స్టైపెండ్, జీపీఏ 3.0 ఉండాలి. వేసవి మాత్రం అందులో లేదు.

ఇంకో చిన్న విషయం. స్కాలర్‌షిప్‌లో ఫీజు, పుస్తకాల భాగానికి పన్ను లేదు, ఇంటి అద్దె, తిండి కింద ఇచ్చే భాగానికి ఉంది, ఎఫ్-1 విద్యార్థులకి దాంట్లో 14 శాతం ముందే కోసుకుంటారు. చేతికి వచ్చేది ఆఫర్ లెటర్‌లో ఉన్నంత ఉండదు, అది చూసుకునే అద్దె ఇల్లు తీసుకోవాలి.

2023 ఫాల్ (ఆగస్టు నుంచి డిసెంబర్) సెమిస్టర్ బాగానే నడిచింది. మూడు కోర్సులు, తొమ్మిది క్రెడిట్లు, సోమ, మంగళ, బుధ సాయంత్రాలు. అసలు పరీక్ష స్ప్రింగ్‌లో (జనవరి నుంచి మే) మొదలైంది.

డిగ్రీ స్థాయిలో క్లాసు వారానికి రెండు మూడు సార్లు ఉంటుంది, ఒకటి తప్పినా రెండోదానికి వెళ్తే సర్దుకోవచ్చు. మాస్టర్స్‌లో చాలా కోర్సులు వారానికి ఒక్కసారే, సాయంత్రం దాదాపు మూడు గంటలు. ఒక్క క్లాసు పోతే ఒక వారం చదువు మొత్తం పోయినట్టు. టెన్నిస్ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్ర, ఆదివారాల్లో ఉంటాయి, అంటే టీమ్ బస్సు గురువారం మధ్యాహ్నం బయలుదేరుతుంది. ఆ ప్రోగ్రాంలో స్టాటిస్టికల్ ఇన్‌ఫరెన్స్ కోర్ కోర్సు ఏడాదికి ఒక్కసారే, స్ప్రింగ్‌లో, గురువారం సాయంత్రం. పాత టైమ్‌టేబుల్ తెప్పించినప్పుడే అది కనిపించింది. తప్పించుకునే దారి లేదు, ఎందుకంటే రెండో ఏడాది ఫాల్‌లో వచ్చే అడ్వాన్స్‌డ్ మోడలింగ్‌కి ఇది ముందు పాసై ఉండాలి.

అందుకని నవంబర్‌లోనే ప్రొఫెసర్ దగ్గరికి మ్యాచ్‌ల షెడ్యూల్‌తో వెళ్లమన్నాను. జనవరిలో, క్లాసు మొదలయ్యాక వెళ్తే అది సాకులా వినిపిస్తుంది. ఆయన మర్యాదగానే మాట్లాడారు, హోంవర్క్ గడువులు జరిపారు, కానీ రికార్డింగ్ ఇవ్వనన్నారు, మిడ్‌టర్మ్ తేదీ మార్చనన్నారు. ఆయన్ని నేను అర్థం చేసుకోగలను. ఆ క్లాసులో పగలంతా ఉద్యోగం చేసి, పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లెవరికీ లేని మినహాయింపు ఒకరికి ఎలా ఇస్తారు?

ఎన్‌సీఏఏ ప్రాక్టీసుకి వారానికి 20 గంటల పరిమితి పెట్టింది. కాగితం మీద చూస్తే చదువుకి బోలెడు టైమ్ ఉన్నట్టే. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు ఆడినా లెక్కలో మూడు గంటలే వేస్తారు, ప్రయాణం అసలు లెక్కలోకే రాదు, ఫిజియో దగ్గర గడిపేది రాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తను పంపిన వారం లెక్క చూస్తే టెన్నిస్ చుట్టూ ముప్పై అయిదు గంటలు దాటాయి. బస్సులో ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రూఫ్‌లు రాసేది. అర్ధరాత్రి నాకు మెసేజ్‌లు వచ్చేవి, స్టాటిస్టిక్స్ డౌట్లు కాదు, "ఇది నేను చేయగలనా ఆంటీ" అని. చేయగలదని నాకు తెలుసు, అదే చెప్పేదాన్ని.

ఆ సెమిస్టర్‌లో గురువారం క్లాసులు నాలుగు పోయాయి. ఇన్‌ఫరెన్స్‌లో బి మైనస్ వచ్చింది. మిగతా రెండు కోర్సుల్లో మంచి గ్రేడ్లే, మొత్తం జీపీఏ 3.2, అసిస్టెంట్‌షిప్‌కి ప్రమాదం లేదు. ఎన్‌సీఏఏ దృష్టిలో అసలు సమస్యే లేదు, వాళ్లకి సెమిస్టర్‌కి ఆరు క్రెడిట్లు పాసైతే చాలు. కానీ ఆ ప్రోగ్రాం హ్యాండ్‌బుక్‌లో ఒక వాక్యం ఉంది: కోర్ కోర్సుల్లో బి కంటే తగ్గితే మళ్లీ చదవాలి. ఆట ఆడటానికి సరిపోయే మార్కు వేరు, డిగ్రీ ఇవ్వడానికి సరిపోయే మార్కు వేరు. అర్హత ఉంది కదా అని కోచ్, నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు ఊపిరి పీల్చుకుంటారు, పిల్ల కూడా అదే నమ్ముతుంది. గ్రాడ్ ట్రాన్స్‌ఫర్లలో నేను ఎక్కువగా చూసే దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ఆటలో మాత్రం తన జీవితంలోకెల్లా మంచి సీజన్. రెండో నంబర్‌లో మొదలై, మార్చిలో మొదటి నంబర్ అమ్మాయికి గాయమైతే కొన్ని వారాలు పైన ఆడింది. ఓడినవాటి కంటే గెలిచినవి బాగా ఎక్కువ. నాన్నగారు హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి లైవ్ స్ట్రీమ్ చూసేవారు. కాన్ఫరెన్స్ టోర్నమెంట్ సెమీఫైనల్‌లో టీమ్ ఓడిపోయింది. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది, ఆట అయిపోయిందని. దానికి ఎవరం ఏం చెప్తాం.

రెండో ఏడాదిలో 36 క్రెడిట్ల లెక్క బిగుసుకుంది. సెమిస్టర్‌కి తొమ్మిది చొప్పున నాలుగు సెమిస్టర్లు, ఎక్కడా ఖాళీ లేదు. ఇన్‌ఫరెన్స్ మళ్లీ 2025 స్ప్రింగ్‌లోనే వస్తుంది, అది అయ్యేదాకా అడ్వాన్స్‌డ్ మోడలింగ్‌లో చేరనివ్వరు, అది ఫాల్‌లోనే పెడతారు. అలా వదిలేస్తే 2025 డిసెంబర్ దాకా సాగుతుంది, ఆ సెమిస్టర్‌కి అసిస్టెంట్‌షిప్ ఉండదు. ప్రోగ్రాం డైరెక్టర్‌తో రెండు మూడు సార్లు మాట్లాడింది, ఈమెయిళ్లు ఎలా రాయాలో నేను సాయం చేశాను. చివరికి ఆవిడ ఒక దారి చూపించారు: ఫాల్‌లో ఒక ఎలెక్టివ్ ముందుకు జరిపి, స్ప్రింగ్‌లో ఇన్‌ఫరెన్స్ మళ్లీ చదివి, మోడలింగ్‌ని 2025 వేసవిలో ఒక ప్రొఫెసర్ దగ్గర ఇండిపెండెంట్ స్టడీగా పూర్తి చేయొచ్చని. ఆవిడ ఆ పని చేయాల్సిన అవసరం లేదు, చేశారు. రెండోసారి ఇన్‌ఫరెన్స్‌లో ఎ వచ్చింది. బస్సు ఎక్కాల్సిన పని లేని గురువారాల్లో అదే పిల్ల, అదే పుస్తకం, అదే ప్రొఫెసర్.

మేలో కావాల్సిన మాస్టర్స్ ఆగస్టులో అయింది. ఆ వేసవి కోర్సు ఫీజు, మూడు నెలల అద్దె నాన్నగారు కట్టారు. జూన్‌లో చేరమన్న కంపెనీ ఒకటి ఆగస్టు దాకా ఆగలేదు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు కాబట్టి సెప్టెంబర్ నెలంతా ఇంట్లో అందరికీ టెన్షనే. అక్టోబర్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో అనలిస్ట్‌గా చేరింది. స్టెమ్ పొడిగింపు దారి తెరిచే ఉంది.

ఈ కేసు బాగా ముగిసినవాటిలో ఒకటి. అయినా ఖర్చు ఎంతుందో చూడండి: సరైన ప్రోగ్రాం, రాతపూర్వకమైన అసిస్టెంట్‌షిప్, ముందే తెప్పించిన టైమ్‌టేబుల్, మంచి డైరెక్టర్, చదివే పిల్ల, ఇన్ని ఉన్నా ఒక వేసవి, ఒక ఉద్యోగం పోయాయి. ఇవేవీ లేనివాళ్ల సంగతి ఏమిటి? ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో గ్రాడ్ ట్రాన్స్‌ఫర్లు చాలామంది ఆ మాస్టర్స్ పూర్తి చేయడం లేదని ఎన్‌సీఏఏ సొంత లెక్కలే చూపించాయి.

అంతమాత్రాన గ్రాడ్ ట్రాన్స్‌ఫర్ తప్పు అనడం లేదు. నిజానికి అన్ని రకాల మార్పుల్లోకి చదువుకి తక్కువ హాని చేసేది ఇదే, డిగ్రీ అప్పటికే చేతిలో ఉంటుంది కాబట్టి. 2021లో అందరికీ ఒకసారి, 2024 ఏప్రిల్ నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చని తలుపులు తీశాక, డిగ్రీ మధ్యలో రెండు మూడు స్కూళ్లు మారే పిల్లల్ని చూస్తున్నాను. వాళ్లకి మూడో ఏడాదికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 పూర్తయి ఉండాలనే నిబంధన ఉంది. కొత్త స్కూల్ పాత క్రెడిట్లు సగమే ఒప్పుకుంటే, ఆ శాతం ఎక్కడ సరిపోతుందో ఆ సబ్జెక్టులోకి తోసేస్తారు. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లాడు జనరల్ స్టడీస్‌తో బయటికొస్తాడు. ఆ బాధతో పోలిస్తే డిగ్రీ పట్టా పట్టుకుని కదిలేవాడు నయం. అందుకే పోర్టల్ అనగానే నా మొదటి సలహా, వీలైతే డిగ్రీ అయ్యేదాకా ఆగమని.

టెన్నిస్‌లో అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా వచ్చింది. 2024 నుంచి సింగిల్స్, డబుల్స్ జాతీయ పోటీలని ప్రయోగంగా నవంబర్‌కి మార్చారు. మన టెన్నిస్ అమ్మాయికి ఫాల్ సెమిస్టర్‌లో కాస్త ఊపిరాడింది, ఇప్పుడు వచ్చేవాళ్లకి అది కూడా నిండిపోతోంది. కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో ఒప్పందం 2025 జూన్‌లో ఆమోదం పొందాక దాంట్లో చేరిన స్కూళ్లలో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి టీమ్ సంఖ్య మీద పరిమితి వచ్చింది. చోటు కోసం పోటీ పెరిగింది, కోచ్‌లు ఇచ్చే గడువులు ఇంకా తగ్గాయి.

2019 ఏప్రిల్‌లో ఒక ప్రతిపాదన ఓటుకి వచ్చింది: ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో గ్రాడ్ ట్రాన్స్‌ఫర్‌ని తీసుకుంటే ఆ ప్రోగ్రాం ఎన్నేళ్లో అన్నేళ్లూ ఆ స్కాలర్‌షిప్‌ని టీమ్ కోటాలో లెక్క వేయాలని. స్కూళ్లు దాన్ని ఓడించాయి. అలా చేస్తే ఈ పిల్లల్ని ఎవరూ తీసుకోరు, అవకాశాలు తగ్గుతాయి అన్నారు. ఆ వాదనలో నిజం ఉంది, కొందరికి చోటు దొరకదు. అయినా దానికి దగ్గరగా ఉండే నిబంధన ఒకటి ఇప్పుడు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కోటా లెక్క అక్కర్లేదు. ఒక సీజన్ కోసం ఒక పిల్లని రెండేళ్ల డిగ్రీలో చేర్చుకున్న స్కూల్, గ్రేడ్లు నిలబెట్టుకున్నంత కాలం ఆ రెండో ఏడాది ఫీజు, మధ్యలో వేసవి పడితే అది కూడా తనే కట్టాలి. సంతకం చేసే రోజే అది కాగితంలో ఉండాలి, అడిగే ధైర్యం ఉన్న పిల్లలకే కాదు, అందరికీ.